వెనక చక్రాలకు 9జె రిమ్ము: ఎక్కుతుంది సరే, బండి మోస్తుందా?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. నా దగ్గర 2019 ఇసుజు వీ-క్రాస్ ఉంది, ఫోర్ బై ఫోర్. ముందు స్ప్రింగుల మీద స్పేసర్లు, వెనక పొడుగు షాకిళ్లు (కమాన్లను ఛాసిస్‌కి తగిలించే పట్టీలు) వేయించి రెండంగుళాలు ఎత్తు చేయించాను. ఇప్పుడున్నవి కంపెనీ రిములే, టైర్లు 255/60 ఆర్18. రిమ్ము లోపలి వైపు 18×7జె, ఈటీ 33 అని అచ్చు ఉంది. వెనక రెండు చక్రాలకు మాత్రం 18×9జె, ఈటీ మైనస్ 12 రిములు, 285/60 ఆర్18 టైర్లు వేయించుకుందామని షాపులో అడ్వాన్స్ ఇచ్చాను. వాన పడితే నల్లరేగడి చేలో బండి దిగబడుతోంది, వెడల్పు టైరైతే పట్టు వస్తుందన్నారు. చూడ్డానికి కూడా బాగుంటుందని ఆశ. కానీ బేరింగులు పోతాయని ఇంకొకరు భయపెట్టారు. వేయించుకోవచ్చా? లేకపోతే రిమ్ము వెనక స్పేసర్లు పెట్టి పాత రిములనే బయటికి జరిపితే సరిపోతుందా?

సమాధానం: మీరు అడ్వాన్స్ ఇచ్చిన కొలతలు వద్దు. 9జె రిమ్ము వెడల్పుతో, అంటే తొమ్మిది అంగుళాలతో, పెద్ద పేచీ లేదు. చిక్కంతా ఆ మైనస్ 12తోనూ, వెనక రెంటికే 285/60 టైరు వేయడంతోనూ. ఈ రెంటినీ వేరువేరుగా చూడాలి, ఎందుకంటే షాపులో రెంటినీ కలిపి ‘వెడల్పు సెట్టు’ అనే ఒక్క మాటతో అమ్మేస్తారు.

ముందు ఆఫ్‌సెట్ లెక్క. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత గీశారనుకోండి. హబ్‌కి (బండికి చక్రం బిగించే భాగం) ఆనుకునే ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో అదే ఈటీ అంకె. ప్లస్ అయితే ముఖం బయటి వైపుకు ఉంటుంది, చక్రం లోపలికి పోతుంది. మైనస్ అయితే చక్రం బయటికి వస్తుంది. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి మీ 7జె రిమ్ము వెడల్పు 178, అందులో సగం 89. దానికి 33 కలిపితే హబ్ ముఖం నుంచి లోపలికి 122 మి.మీ., 33 తీసేస్తే బయటికి 56 మి.మీ. మీ బండికి ఇప్పుడున్న కొలత ఇది. కొత్త రిమ్ము ఏది చూసినా దీంతోనే పోల్చాలి.

9జెలో సగం 114. మైనస్ 12 పెడితే లోపలికి 102, బయటికి 126. అంటే లోపల 20 మి.మీ. ఖాళీ పెరుగుతుంది, బయట మాత్రం 70 మి.మీ. పొడుచుకొస్తుంది. జానెడులో మూడో వంతు అనుకోండి, ఒక్కో పక్కన. అదే 8జె రిమ్ము ఈటీ ప్లస్ 20తో తీసుకుంటే, సగం 101.6 కాబట్టి లోపలికి 122, బయటికి 82. లోపలి కొలత ఇప్పటిలాగే ఉంటుంది, బయటికి మాత్రం 26 మి.మీ. వస్తుంది. ఈ రెండో లెక్క దగ్గర కాస్త ఆగండి. లోపల కమాన్ల వైపు ఏమీ మారదు కాబట్టి అటు రాసుకుంటుందేమోనన్న బెంగ ఉండదు, బయట బండి నిలబడిన తీరు కూడా నిండుగా కనిపిస్తుంది. మీకు కావాల్సిన అందంలో ముప్పాతిక వంతు ఇక్కడే దొరికేస్తుంది.

ఇక బేరింగుల సంగతి. భయపెట్టిన మనిషి చెప్పింది నిజమే, కానీ కారణం వెడల్పు కాదు. బరువు నేలకు దిగేది టైరు నడిమధ్య నుంచి. ఆ మధ్య గీత ఎక్కడ ఉంటుందో తేల్చేది ఈటీ ఒక్కటే. 33 నుంచి మైనస్ 12కి వెళ్తే అది 45 మి.మీ. బయటికి జరుగుతుంది. ఏతం కొయ్య పొడుగైన కొద్దీ తక్కువ బలంతో ఎక్కువ బరువు లేస్తుంది కదా, ఇక్కడ అదే సూత్రం ఎదురు తిరిగి బేరింగు మీద పడుతుంది. మీ బండి వెనక ఉన్నది కమాన్ల మీద కూర్చునే ఒంటి హౌసింగ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే యాక్సిల్ గొట్టం). యాక్సిల్ షాఫ్టు చివర ఉన్న బేరింగు బండి బరువునూ మోయాలి, మలుపుల్లో పక్క తోపునూ కాయాలి. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ 45 మి.మీ. అదనపు పొడుగు దాన్ని వంచాలని చూస్తుంది. మొదట 60, 80 వేగాల మధ్య సన్నగా ‘ఊం’ అనే మోత మొదలవుతుంది, స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ తిప్పితే ఆ మోత హెచ్చుతగ్గులవుతుంది. పట్టించుకోకపోతే ఆయిల్ సీలు లొంగిపోయి హౌసింగ్ ఆయిలు డ్రమ్ములోకి దిగుతుంది, బ్రేకు షూలు తడిసి వెనక ఒక పక్క బ్రేకు పట్టడం మానేస్తుంది. రిమ్ము లోపలి వైపు నల్లటి జిడ్డు చారలు కనిపించాయంటే బేరింగు ఒక్కటే మారిస్తే సరిపోదు, సీలూ షూలూ కూడా మార్చాల్సిందే.

వెనక రెంటికే 285/60 అన్నది అంతకన్నా పెద్ద తప్పు, అందులోనూ ఫోర్ బై ఫోర్‌కి. 255/60 ఆర్18 టైరు నిలువు 763 మి.మీ. 285/60 ఆర్18ది 799. టైరు మీద 60 అన్న అంకె ఒకటేగా అని చాలామంది పొరబడతారు. 60 అంటే వెడల్పులో 60 శాతం ఎత్తు అని అర్థం, వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. తేడా 36 మి.మీ., అంటే 4.7 శాతం. కిలోమీటరు దూరంలో ముందు చక్రం సుమారు 417 సార్లు తిరిగితే వెనకది 398 సార్లే తిరుగుతుంది. టూ-హెచ్‌లో (వెనక చక్రాలే లాగేటప్పుడు) ఉన్నంతసేపు ఎవరికీ ఇబ్బంది లేదు. ఫోర్-హెచ్ (నాలుగు చక్రాలూ లాగేలా) వేశాక మాత్రం ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) దగ్గర జోడెడ్లలా ఒకే కాడికి కట్టేసి ఉంటాయి. ఆ కిలోమీటరులో వచ్చిన 19 చుట్ల తేడా డిఫరెన్షియల్ పళ్ల లెక్కన షాఫ్టు దగ్గర సుమారు నాలుగింతలవుతుంది. బురదలో అయితే ఏదో ఒక టైరు జారి ఆ తేడాను తీర్చేస్తుంది. మీరు చేలో నుంచి బయటికొచ్చి ఫోర్-హెచ్ తీయడం మరిచిపోయి తారు రోడ్డెక్కితే జారే వీలుండదు, మెలి అంతా గేర్ల మీదా గొలుసు మీదా పడుతుంది. లీవరు టూ-హెచ్‌కి రానని మొరాయించడం దానికి మొదటి గుర్తు. ఏబీఎస్ కూడా నాలుగు చక్రాల వేగాన్ని పోల్చుకునే పని చేస్తుంది, దాన్ని కావాలని తికమక పెట్టడమెందుకు?

కాబట్టి ఫోర్ బై ఫోర్ బండికి వెనక వెడల్పు పెంచాలంటే నిలువు మాత్రం ముందు టైరుతో సమానంగా ఉండాలి, ఒక శాతానికి మించి తేడా రానివ్వకండి. వెనక మాత్రమే కావాలని మీరు పట్టుబడితే 285/55 ఆర్18 నిలువు 771 మి.మీ., తేడా ఒక శాతం లోపే. దానికి 9జె రిమ్ము ఈటీ ప్లస్ 8 దగ్గర తీసుకుంటే రిమ్ము లోపలి కొలత పాతదే, బయటికి 50 మి.మీ. వస్తుంది. అయినా ఇది మా మొదటి సలహా కాదు. ముందూ వెనకా వేరు కొలతలైతే టైర్లు తిప్పి వేసుకునే వీలు పోతుంది, ఉన్న ఒక్క స్టెప్నీ రెండు పక్కలకూ పూర్తిగా సరిపోదు. పైగా వెనక పట్టు పెరిగి ముందు పట్టు అలాగే ఉంటే, వాన రోడ్డు మీద మలుపులో స్టీరింగు తిప్పినా బండి ముక్కు తిన్నగా పోవాలని చూస్తుంది.

మా సలహా: నాలుగింటికీ 18×8జె, ఈటీ ప్లస్ 20, టైర్లు 265/60 ఆర్18. నిలువు 775, మీ పాత టైరుకన్నా ఒకటిన్నర శాతం ఎక్కువ. నాలుగూ ఒకటే కాబట్టి ఫోర్-హెచ్‌కి పేచీ లేదు. స్పీడోమీటరు 100 చూపిస్తే అసలు వేగం అంతకన్నా ఒకటిన్నర ఎక్కువ ఉంటుంది, అంతే తేడా. ఫార్చ్యూనర్‌కి వేసే కొలతే కాబట్టి ఏ ఊళ్లోనైనా టైరు దొరుకుతుంది. అడ్వాన్సు పోతే పోనీయండి, యాక్సిల్ బేరింగు పనికన్నా అది చవక.

నల్లరేగడి విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి. తడిసిన రేగడిలో దిగబడేది టైరు సన్నం కావడం వల్లనే కాదు, టైరు గాడి మట్టితో పూడిపోయి నున్నటి గుండులా తిరగడం వల్ల. వెడల్పు టైరుకూ అదే గతి, పైగా ఇంకాస్త ఎక్కువ మట్టి మోస్తుంది. అక్కడ పని చేసేవి రెండే: గాళ్లు లోతుగా ఉండి మట్టిని విదిల్చే ఆల్-టెరైన్ టైరు, గాలి తగ్గించడం. చేలో దిగే ముందు 20 పీఎస్ఐ వరకు తగ్గిస్తే టైరు నేలకు ఆనే మేర పొడుగవుతుంది, పట్టు అక్కడి నుంచే వస్తుంది. అలా తగ్గించి 20, 30 వేగం దాటకూడదు, పదునుగా మలుపు తిప్పకూడదు, రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టుకునే చిన్న పంపు ఒకటి బండిలో ఉంటే మీ సమస్య సగం తీరినట్టే.

స్పేసర్లా? సన్నటి పళ్లెంలా స్టడ్ల (హబ్ మీద నట్లు ఎక్కే బోల్టుల) మీద దూర్చే రకం అసలే వద్దు. స్పేసరు మందం ఎంతో, నట్టుకు దొరికే మర అంత తగ్గిపోతుంది. నట్టు కనీసం స్టడ్ లావంత మేర ఎక్కాలి. ఎం12 × 1.5 స్టడ్ అయితే 12 మి.మీ., అంటే చేత్తో తిప్పితే నిండుగా 8 చుట్లు. ఆరేడు చుట్లకే బిగిసిందంటే ఆ చక్రంతో రోడ్డెక్కకండి. సొంత స్టడ్లున్న మందపాటి బోల్ట్-ఆన్ రకం కొంత నయం, కానీ దాని వెనక దాగిన నట్లు సడలాయో లేదో చక్రం విప్పితే తప్ప తెలియదు. పాత స్టడ్ల కొసలు స్పేసరు మందాన్ని దాటి కొత్త రిమ్ముకు తగిలే ప్రమాదమూ ఉంది. 32 మి.మీ. స్పేసరు వేసినా బేరింగు మీద భారం 32 మి.మీ. పెరిగినట్టే, మీ అసలు భయం ఎక్కడికీ పోదు.

ఏ రిమ్ము కొన్నా బండి దగ్గర చేయాల్సిన కొలతలివి. సమతలం మీద నిలిపి ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. చక్రం ఉండగానే, టైరు లోపలి పొట్ట ఎక్కువగా ఉబ్బిన చోటు నుంచి కమాను అంచుకు, యూ-బోల్టు బయటి కాలుకు, బాడీ తొట్టి లోపలి గోడకు ఎంత సందు ఉందో పుల్లతో కొలిచి రాసుకోండి. రాసుకునేది టైరు పొట్టే కానీ రిమ్ము కాదు. 255 నుంచి 265కి పోతూ రిమ్ము కూడా అంగుళం పెరిగితే టైరు పొట్ట ఒక్కో పక్కన 7, 8 మి.మీ. ఉబ్బుతుంది, ఈటీ 13 తగ్గింది కాబట్టి లోపల ఇంకా నాలుగైదు మి.మీ. ఖాళీ మిగులుతుంది. కమాను వైపు నిలబడ్డప్పుడు 15 మి.మీ. సందుకు తక్కువ ఉండకూడదు. కమాన్ బుష్షులు అరిగితే హౌసింగ్ పక్కకు కదులుతుంది, ఆ కదలికకు చోటు కావాలి.

ఇక్కడ ఎత్తు చేయించిన బండ్లవాళ్లు తరచూ పడే భ్రమ ఒకటుంది. ‘రెండంగుళాలు లేపాం కదా, పైన బోలెడు ఖాళీ’ అంటారు. ఆ ఖాళీ బండి నిలబడినప్పుడే. పొడుగు షాకిలు బాడీని పైకి లేపింది కానీ, పెద్ద గుంతలో బంప్ స్టాప్ రబ్బరుకు కొట్టుకున్నప్పుడు యాక్సిల్ ఎక్కడిదాకా లేస్తుందో ఆ చోటు మారలేదు. రబ్బరు పాతదే, ఛాసిస్ పాతదే. అందుకే కొలత కింద నిలబెట్టి కాదు, మెలిపెట్టి తీయాలి. మీరు మామూలుగా వేసే బరువు తొట్టిలో వేసి, వెనక కుడి చక్రాన్నీ ముందు ఎడమ చక్రాన్నీ గట్టి దిమ్మెల మీదికి నెమ్మదిగా ఎక్కించండి. పైకి లేచిన వెనక చక్రం పై భాగం లోపలికి వాలుతుంది. టార్చి వేసి తొట్టి గోడకూ టైరు భుజానికీ మధ్య చూడండి, అక్కడ వేలు దూరే సందు, అంటే 20 మి.మీ. పైచిలుకు ఉండాలి. తర్వాత బయట మడ్‌గార్డు అంచు చూడండి. మైనస్ ఆఫ్‌సెట్ చక్రాలు తగిలేది ఇక్కడే. ఆ అంచు లోపలికి మడిచిన రేకు, కత్తిలా టైరు భుజాన్ని కోస్తుంది. రేకును సుత్తితో మడిపించేస్తామని షాపువాళ్లు తేలిగ్గా అంటారు. మడిచిన చోట రంగు పగులుతుంది, మొదటి వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది. బ్రేకు హోసు, హ్యాండ్ బ్రేకు కేబులు, ఏబీఎస్ వైరు మూడింటినీ కూడా ఆ మెలికలోనే చూసేయండి. ముందు చక్రాలైతే స్టీరింగు రెండు కొసలకూ తిప్పి లైనరుకు తగులుతుందేమో చూస్తే చాలు.

బిగింపు దగ్గర తొందరపడకండి. ఆరు స్టడ్లు, పీసీడీ (స్టడ్లు అమరిన వలయం అడ్డుకొలత) 139.7 అని కలిసినంత మాత్రాన రిమ్ము మీదే అనుకోవద్దు. హైలక్స్‌కి కూడా పీసీడీ అదే, కానీ దాని నడిమి బొక్క 106.1 మి.మీ. మీ హబ్ ఉబ్బు అంతకన్నా చిన్నది. వెర్నియర్‌తో కొలిచి, ఆ తేడాకు సరిపోయే అల్యూమినియం హబ్ రింగులు పెట్టించండి. రింగు లేకపోతే చక్రం నడిమికి కూర్చోదు, ఎంత బ్యాలెన్సింగు చేయించినా 90 దగ్గర వణుకుతుంది. వెనక డ్రమ్ము ముఖం మీద తుప్పు పొరను వైరు బ్రష్‌తో గోకించండి. కొన్ని బండ్లలో డ్రమ్ము జారకుండా స్టడ్‌కి సన్నటి రేకు క్లిప్పులు ఉంటాయి, ఉంటే తీసేయాలి, లేకపోతే రిమ్ము ఒక పక్క ఎత్తుగా కూర్చుంటుంది. నట్టు కూర్చునే చోటు ఆకారం కూడా చూడండి. కోన్ నట్టుకు కోన్ గుంట ఉండాలి, చదును వాషరు నట్టుకు చదును ముఖం ఉండాలి. పాత నట్లే వేసేస్తామంటే ఒప్పుకోకండి, ముందు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమనండి. స్టడ్లకు గ్రీజు, ఆయిలు రాయొద్దు. చేత్తో చివరిదాకా ఎక్కించి, ఎదురెదురు నట్ల వరుసలో రెండు మూడు విడతలుగా, మీ మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచితో బిగించాలి. గాలి గన్నుతో చివరి బిగింపు చేయనివ్వకండి. కొత్త అల్లాయ్ రిమ్ము మీద నట్టు కింద ఉండే రంగు పొర నలిగి సర్దుకుంటుంది, అప్పుడు బిగువు సడలుతుంది. అందుకే 50 నుంచి 80 కిలోమీటర్లు నడిచాక ఒకసారి, 500 దగ్గర ఇంకోసారి మళ్లీ టార్క్ చూడాలి.

చట్టం సంగతి దాచడం మంచిది కాదు. శ్రీసిటీలో, మన రాష్ట్రంలోనే తయారైన బండి కదా అని ఆర్టీఓ ముందు ప్రత్యేక దయ ఏమీ ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. ఆ ఏడాదే సవరించిన చట్టంలో 182ఏ సెక్షను కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన టైరు ఏ తనిఖీలోనైనా దూరం నుంచే కనిపిస్తుంది. మేం చెప్పిన 265/60 కూడా మీ మాన్యువల్‌లో ఉన్న కొలత కాదు, కాబట్టి బీమా కంపెనీకి ముందే రాసి పాలసీలో ఎక్కించుకోండి. పూర్తిగా నిశ్చింతగా ఉండాలంటే కంపెనీ రిములే ఉంచి 255/60లోనే మంచి ఆల్-టెరైన్ టైర్లు వేయించుకోవచ్చు. మీ చేను పనికి అది కూడా సరిపోతుంది.

ఇప్పుడు షాపుకు ఫోన్ చేసి అడగాల్సినవి. 18×8జె, ఈటీ ప్లస్ 20 ఉందా? రిమ్ము మీద ఐఎస్ఐ గుర్తు ఉందా? లోపలి వైపు పోత పోసిన గరిష్ఠ బరువు ఎంత? మీ బండి ప్లేటు మీద వెనక యాక్సిల్‌కి రాసిన బరువును రెండుతో భాగించండి, రిమ్ము మీది అంకె దానికన్నా ఎక్కువ ఉండాలి. ఉదాహరణకు అక్కడ 1,800 కిలోలు ఉంటే 900కు తక్కువ రిమ్ము పనికిరాదు. 690 అని ఉన్నవి కార్ల కోసం చేసినవి, ఎంత చవకైనా మీకు వద్దు. టైరు మీద లోడ్ ఇండెక్స్ 110 ఉంటే ఒక్కో టైరు 1,060 కిలోలు మోస్తుంది, 112 అయితే 1,120. మీ పాత టైరు మీద ఏముందో చూసి, అంతకు తగ్గకుండా అడగండి. చివరిగా, టైరు ఎక్కించకముందే ఒట్టి రిమ్మును వెనక హబ్‌కి పెట్టి, రెండు నట్లు చేత్తో బిగించి, చక్రాన్ని తిప్పి చూపించమనండి. టైరు ఎక్కించాక రిమ్ము వెనక్కి తీసుకోం అంటారు కాబట్టి ఈ ఒక్క మాట డబ్బు కట్టేముందే ఒప్పించుకోండి.